ఐజీఈని కనిపెట్టిన ఇషిజాకా దంపతులు

అందరికీ నమస్కారం. ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) రిపోర్టు చూసి టెన్షన్ పడేవాళ్లం గ్రూపులో చాలామందిమి ఉన్నాం కదా, దాన్ని కనిపెట్టినవాళ్ల గురించి చెప్పాలనిపించింది. జపాన్ దంపతులు కిమిషిగె, తెరుకో ఇషిజాకా. 1966లో, అమెరికాలోని డెన్వర్‌లో. రాగ్‌వీడ్ (మన వయ్యారిభామ కుటుంబానిదే) పుప్పొడి పడనివారి సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) భాగాలుగా విడదీసి, తమ చర్మంలోకే ఎక్కించుకున్నారు. తర్వాత అక్కడ పుప్పొడి సారం ఇస్తే ఎక్కడ దద్దురు లేచిందో, ఆ భాగంలో యాంటీబాడీ ఉన్నట్టు! రక్తంలో అది అతి స్వల్పం, అందుకే చర్మాన్ని నమ్ముకున్నారు. స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ అనే శాస్త్రవేత్తలు విడిగా ఇదే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. 1968లో ఐజీఈ పేరు ఖాయమైంది. మాస్ట్ కణాలపై (అలర్జీ లక్షణాలు తెచ్చే రసాయనాలు విడుదల చేసే కణాలు) తెరుకో చేసిన పని కూడా గొప్పది, ఆమె పేరు వెనకబడటం నాకు బాధే. తీవ్రమైన అలర్జీ ఆస్తమాకు ఇచ్చే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ అడ్డుకునేది ఈ ఐజీఈనే.