'మల్లీశ్వరి' ఆట ఎందుకు ఆపానంటే

చందాదారులకు, పాత సినిమా కోసం ప్రతి నెలా మన హాలుకు వచ్చే అందరికీ నమస్కారం.

ఈ నెల ఆఖరి ఆదివారం వేయాల్సిన 'మల్లీశ్వరి' ఆట రద్దయింది. ప్రొజెక్టరు బాగానే ఉంది, హాలు మూసేయడం లేదు. ఆపింది నేనే. విడి టికెట్లు కొన్నవారికి డబ్బు తిరిగి పంపించాం. చందాదారులకు గడువు ఒక నెల పెరుగుతుంది.

ఇక అసలు సంగతి. సినిమా ఫైలు ఇస్తానన్న సరఫరాదారు, "ప్రింటు నుంచి కొత్తగా స్కాన్ చేయించానండీ, కడిగిన ముత్యంలా ఉంది" అని అడ్వాన్సు తీసుకున్నాడు. తీరా ఆట దగ్గర పడ్డాక పంపిన ఫైలును తెర మీద వేసి చూశాం. అది 1951 నాటి సినిమా. ఆనాటి ఫ్రేము చదరానికి దగ్గరగా ఉంటుంది, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. ఇప్పటి వెడల్పు తెర మీద దాన్ని పూర్తిగా వేస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు మిగులుతాయి. అవి లేకుండా ఇప్పటి టీవీలకు సరిపోయేలా ఈయన దాన్ని పైనా కిందా కోసేశాడు. బొమ్మలో ఇంచుమించు నాలుగో వంతు గల్లంతు. 'పిలచిన బిగువటరా' పాటలో భానుమతి గారు నాట్యం చేస్తుంటే పాదాలు కనిపించవు, తెర మోకాళ్ల దగ్గరే అయిపోతుంది. 'ఆకాశవీధిలో' పాటలో ఏకంగా ఆకాశానికే కత్తెర పడింది. గీతలు చెరపబోయి ముఖాల మీది నీడలను కూడా చెరిపేశారు. గరగర తీయబోయి, సాలూరి రాజేశ్వరరావు గారి పాటల్లో తీగ మీటాక మిగిలే నాదాన్ని కూడా తీసేశారు.

ఫోను చేసి అడిగితే, "పక్కన నల్ల పట్టీలుంటే ఇప్పటి జనం చూడరు. అయినా మీ వాళ్లు కనిపెట్టరు లెండి" అన్నాడు. కోసినందుకు కన్నా ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. పాటలో ఒక్క మాట ఎగిరిపోతే ఇంటర్వెల్‌లో వచ్చి నన్ను నిలదీసేవాళ్లు మా వాళ్లు!

అయినా వెంటనే రద్దు చేయలేకపోయాను. టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. గుంటూరు నుంచి ఒక కుటుంబం పెద్దావిడను తీసుకొస్తున్నామని, మెట్లు ఎక్కనక్కర్లేని సీటు కావాలని అడిగింది. "ఆవిడ పాట వింటే చాలు, పాదాలు ఎవరు చూస్తారు? వేసేయండి" అంది మా ఆవిడ. ఆ మాటలో న్యాయం లేదనలేను. కానీ ఆ పెద్దావిడ పక్కన మనవరాలు కూడా కూర్చుంటుంది కదా. మొదటిసారి చూసే ఆ పిల్ల ఇదే బి.ఎన్. రెడ్డి గారు తీసిన సినిమా అనుకుంటుంది. అక్కడే నా మనసు ఒప్పుకోలేదు. ఆ పెద్దావిడకు నేనే ఫోను చేసి చెప్పాను.

మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ 60 ఏళ్లు. 'మల్లీశ్వరి'కి 2011తోనే ఆ గడువు తీరింది. ఎవరైనా అమ్ముకోవచ్చు, కాపాడే పూచీ మాత్రం ఎవరిదీ కాదు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ఎలాగూ దక్కలేదు. దక్కినవాటినైనా కోయకుండా చూపించలేమా?

బెజవాడ గాంధీనగర్‌లో ఒక పాత పంపిణీదారు గోదాములో ప్రింటు ఉందని తెలిసి వెళ్లాను. బాక్సు మూత తీయగానే గుప్పుమని పుల్లటి వాసన. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము వేడికీ తేమకూ చెడి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ వాసనే అది. రేకుల కప్పు కింద ఆ ఎండలకు రీలు కుంచించుకుపోయింది. అంచు రంధ్రాలు ప్రొజెక్టరు పళ్లకు అందడం లేదు. అది ఆడదు. స్కానింగుకైనా పనికొస్తుందేమో ల్యాబు వాళ్లు చూసి చెప్పాలి. మీ ఇళ్లలో, తెలిసినవారి దగ్గర బాక్సులుంటే నాకు చెప్పండి. వాసన వచ్చే రీళ్లను మంచివాటికి దూరంగా పెట్టండి, ఆ ఆమ్లం పక్క రీళ్లను కూడా పాడు చేస్తుంది. సరదాకైనా ప్రొజెక్టరు మీద ఎక్కించవద్దు.

అడ్వాన్సు ఇంకా తిరిగి రాలేదు. వచ్చినా రాకపోయినా ఆయన దగ్గర మళ్లీ కొనను. చందా పెంచడం లేదు. ఇకపై ఫైలు మొత్తం చూశాకే టికెట్లు అమ్ముతాం.

వచ్చే నెల 'పాతాళ భైరవి'. ఫైలు చూశాను, ఫ్రేము పూర్తిగా ఉంది. తెరకు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. నచ్చనివారు ముందే చెబితే డబ్బు తిరిగి ఇచ్చేస్తాను. పట్టీలు మాత్రం తీయను.