రొమ్ము క్యాన్సర్ నివారణ మందుల గురించి తిరుపతి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

తల్లికో తోబుట్టువుకో రొమ్ము క్యాన్సర్ వచ్చి, తమకూ వస్తుందేమోనని భయపడుతున్న మహిళలు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. జబ్బు వచ్చాక తిరుపతిలోని పెద్దాసుపత్రి స్విమ్స్‌కు వెళ్లాలని వారికి తెలుసు. రాకముందే ముప్పు తగ్గించే మందులున్నాయని చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ముప్పు ఎక్కువగా ఉన్న 13,388 మంది మహిళలతో ఉత్తర అమెరికాలో జరిగిన పరీక్షలో టామోక్సిఫెన్ మాత్ర ఈ క్యాన్సర్‌ను దాదాపు సగానికి తగ్గించిందని 1998లోనే వెల్లడైంది. అయితే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ ప్రభావంతో పెరిగే రకం మీదే అది పనిచేస్తుంది. పైగా, యాభై దాటినవారిలో గర్భాశయ క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం పెరిగాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఏళ్ల తరబడి మందు మింగమనడం చిన్న విషయం కాదు, ఆ జంకు న్యాయమైనదే. అందుకే ఇటలీ పరిశోధకులు రోజుకు 20 మిల్లీగ్రాములకు బదులు 5 మిల్లీగ్రాముల మోతాదును పరీక్షించారు. రొమ్ములో క్యాన్సర్ తొలి మార్పులు కనిపించి చికిత్స పొందిన 500 మందిలో సగం మందికి మూడేళ్లపాటు ఆ మాత్ర ఇస్తే, మిగతా సగంతో పోలిస్తే వారిలో ముప్పు సగానికి తగ్గింది.

స్విమ్స్, రుయా ఆసుపత్రుల వైద్యులతో మాట్లాడి, ఇలాంటి కుటుంబాల మహిళల కోసం వారానికి ఒక రోజు ప్రత్యేక ఓపీ పెట్టించండి. ఇటువంటి పరిశోధన మన దగ్గర జరిగితే అంగీకార పత్రం అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉండాలి. లాభంతో పాటు నష్టాన్నీ ఎదురుగా కూర్చుని వివరించాలి. సత్యవేడు నుంచి వచ్చే మహిళకు బస్సు ఛార్జీ, ఆ రోజు పోయిన కూలి ఇవ్వాలి.

ఓపీ ఎప్పుడు మొదలుపెడతారో పత్రికాముఖంగా తెలియజేయమని కోరుతున్నాను.

ఇట్లు,
తిరుపతి వాసి