పాత బండికి ఇంజిన్ ఫ్లష్ పోసేముందు ఓనర్ని ఒక్క మాట అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది నెల్లూరు, వేదాయపాళెం. 2009 మోడల్ పెట్రోల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ఇప్పటికి లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న సంక్రాంతికి ముందు సర్వీసింగ్‌కి ఇస్తే బిల్లులో ఆయిలు, ఫిల్టరు కింద ఇంజిన్ ఫ్లష్ అని ఇంకో నాలుగొందల చిల్లర కనిపించింది. ఇదేంది అబ్బయ్యా నేను చెప్పలేదే అంటే, పాత బండి గదా సార్ లోపలంతా క్లీన్ అయిపోద్ది, అందరికీ వేస్తాం అన్నాడు. సర్లే మంచిదేగా అనుకుని కట్టేసి వచ్చేశా.

పండక్కి ఒంగోలు బయల్దేరాం, కావలి కాడ ముసునూరు టోల్‌గేట్ దాటాక స్టీరింగ్ ముందు మీటర్లలో ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగింది. ఇంకొంచెం పోతే ఏదన్నా ఊరొస్తది గదా అంది మా ఆవిడ, నాకెందుకో భయమేసి అక్కడే సైడుకి తీసి ఆపేశా, ఇంజిన్ దక్కిందంటే అందుకే. డిప్‌స్టిక్, అదే ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ, తీసి చూస్తే ఆయిల్ ఫుల్లుగా ఉంది, మరి లైటెందుకు? బండిని కావలి లాక్కొచ్చి షెడ్డులో కింద ఆయిల్ చాంబర్ విప్పిస్తే అప్పుడు తెలిసింది, పంపు ఆయిల్ పీల్చుకునే జాలీ నిండా నల్ల మడ్డి, చేపల పులుసు అడుగంటి మాడిన దాక గోకితే వస్తది చూడండి అట్టా పెచ్చులు పెచ్చులుగా. ఆయిల్ చాంబర్లోనే ఉంది, పైకి పోయే దారే మూసుకుపోయింది.

ఆ మెకానిక్కు చెప్పింది ఏందంటే, ఫ్లష్ అనేది పల్చటి సాల్వెంటు, పాత ఆయిల్లో పోసి బండి కదలకుండా పది నిమిషాలు ఐడిల్లో ఆడించి, మొత్తం దించేసి, ఫిల్టర్ మార్చి కొత్త ఆయిల్ పొయ్యాలి. మొదట్నుంచీ టైముకి ఆయిల్ మార్చిన బండైతే ఏం కాదు, అసలు దానికి ఫ్లష్ అవసరమే ఉండదనుకోండి. నా లాంటి బండికి ముందు ఓనరు ఏం చేశాడో దేవుడికెరుక. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి పది నిమిషాల్లో కరగదు, సగం నాని ఊడి వారం పది రోజుల తర్వాత జాలీకి అడ్డం పడుద్ది. ముసలి రబ్బరు సీళ్ల దగ్గర ఆ మడ్డే అడ్డముండి లీకు ఆగుంటే అది కూడా మొదలవుద్దంట.

మడ్డికి నా తప్పు కూడా ఉంది లెండి. వేదాయపాళెం నుంచి ట్రంకు రోడ్డుకి, మళ్లీ ఇంటికి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తా, లోపల చేరిన తేమ ఆవిరైపోదు, ఆయిల్లోనే కలిసి చెడుద్ది. ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ రంగు జిగురు కనపడేది, నేను పట్టించుకోలా.

సర్వీస్ సెంటర్ల వాళ్లకి నేను చెప్పొచ్చేది ఫ్లష్ అమ్మొద్దని కాదు. పోసేముందు ఆయిల్ మూత తీసి టార్చి వేసి చూడండి, అనుమానముంటే ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ విప్పండి, నల్లగా గడ్డకట్టి ఉంటే ఫ్లష్ జోలికి పోకుండా చాంబర్ దించి చేత్తో కడగండి, ఖర్చు ఎక్కువైనా మేమే ఇస్తాం. ముందు ఫోన్ చేసి అడగండి, అంతే. ఆయిల్ నల్లబడింది కాబట్టి ఫ్లష్ వెయ్యాలి అని భయపెడతన్నారు, ఆయిల్లో ఆల్రెడీ డిటర్జెంటు ఉంటది, మసిని తనలోకి తీసుకుంటది కాబట్టే నల్లబడుద్ది.

ఇప్పుడు మూడు వేల కిలోమీటర్లకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్పిస్తన్నా, మడ్డి మెల్లగా అదే కరుగుద్దని కావలి ఆయన చెప్పాడు, ఇంజిన్ పైనుంచి టకటకమనే ట్యాపెట్ సౌండు కూడా కొంచెం తగ్గినట్టుంది. ఆ నాలుగొందలు వాపసు ఇవ్వమని సర్వీస్ సెంటర్‌కి పోతే, బిల్లు మీద సంతకం పెట్టారు గదా సార్ అంటన్నారు.

ఇట్లు
ఒక పాత కారు ఓనరు, వేదాయపాళెం, నెల్లూరు