శనివారం వర్క్‌షాప్‌కు వచ్చేటప్పుడు 20 చీపురు పుల్లలు

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు ఆరు, ఏడు తరగతుల పిల్లల తల్లిదండ్రులకూ టీచర్లకూ కలిపి వర్క్‌షాప్ ఉంది. ఒంటిగంటకల్లా వదిలేస్తాం. అందులో మొదటి గంటన్నరా ఆటలే. మార్కుల సంగతి మాట్లాడదామని సెలవు పెట్టుకుని వస్తే ఈ ఆటలేమిటని కొందరికి అనిపించవచ్చు. ఏం ఆడిస్తామో, ఎందుకో ముందే చెబితే మీరూ సిద్ధపడి వస్తారు.

మామూలుగా సమావేశాలు "ఒక్కొక్కరూ లేచి పేరు, ఊరు, ఉద్యోగం చెప్పండి" అంటూ మొదలవుతాయి. తలకు అర నిమిషం చొప్పున 40 మందికి 20 నిమిషాలు పోతాయి. తన వంతు వచ్చేదాకా ప్రతివారూ ఏం చెప్పాలో మనసులో అనుకుంటూ కూర్చుంటారు, పక్కవారి పేరు చెవికెక్కదు. పైగా ఉద్యోగాలు బయటపడగానే ఎవరు మాట్లాడాలో, ఎవరు ఊరుకోవాలో అక్కడికక్కడే తేలిపోతుంది. అందుకే శనివారం ఉద్యోగాల ప్రస్తావన ఉండదు.

మొదట బింగో. అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం 16 గళ్ల కాగితం ఒకటి ఇస్తాం. ఒక్కో గడిలో ఒక్కో మాట ఉంటుంది: "ఇంట్లో కరివేపాకు చెట్టు ఉన్నవారు", "మూడు భాషలు వచ్చినవారు", "ఈత వచ్చినవారు". గదిలో తిరిగి అడిగి, ఆ గడికి సరిపోయిన మనిషి పేరు అందులో రాయాలి. ఒక పేరు ఒక్క గడిలోనే రాయాలి. ఈ నియమం లేకపోతే తెలిసిన ఇద్దరినే పట్టుకుని కాగితం నింపేస్తారు. పది నిమిషాలయ్యాక ఎన్ని గళ్లు మిగిలినా ఆపేస్తాం. అందరూ పూర్తిచేసేదాకా ఆగితే ముందు ముగించినవారు ఫోన్లు తీస్తారు.

ఈ ఆట బాగుండేదీ చెడేదీ గళ్లలోని మాటలను బట్టే. "కారు ఉన్నవారు", "విమానం ఎక్కినవారు" లాంటివి రాస్తే ఆట కాస్తా ఆస్తుల లెక్క అవుతుంది. అలాంటివి మా కాగితంలో ఉండవు. చదవడం, రాయడం రానివారు ఇబ్బంది పడకుండా అందరినీ ఇద్దరిద్దరుగా తిప్పుతాం. ఇద్దరికీ కలిపి ఒకటే కాగితం, ఒకటే పెన్ను. ఒకరు అడిగితే ఇంకొకరు రాస్తారు.

తర్వాత జట్లు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టి విడదీస్తే, కలిసి వచ్చినవారు లెక్క చూసుకుని మెల్లగా చోటు మారతారు. పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. దానికి పాత క్యాలెండర్ బొమ్మలే మందు. ఒక్కో బొమ్మను ఐదు ముక్కలు చేసి, అన్నీ కలిపి పంచిపెడతాం. తన ముక్కకు అతికే ముక్కలు ఎవరి దగ్గరున్నాయో వెతుక్కుంటే ఐదుగురి జట్టు తయారవుతుంది. పచ్చటి పొలం బొమ్మలు రెండు ఉంటే ముక్కలు కలిసిపోయి గందరగోళం అవుతుంది కాబట్టి రంగులు వేరుగా ఉన్న బొమ్మలే తీస్తాం.

ఇక అసలు ఆట, గోపురం కట్టడం. పీటర్ స్కిల్‌మన్ అనే డిజైనర్ రూపొందించిన ఈ ఆటను టామ్ వూజెక్ అనే వక్త 2010లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద వివరించాక అది ప్రపంచమంతా తెలిసింది. ఆ ఆటలో 20 స్పగెట్టి పుల్లలు (సేమ్యా లాంటి పొడవాటి ఎండు పుల్లలు), గజం టేపు, గజం దారం, కొనమీద పెట్టడానికి ఒక మార్ష్‌మాలో (దూదిలా మెత్తటి మిఠాయి) ఇస్తారు. మార్ష్‌మాలో కొనమీద నిలిచేలా వీలైనంత ఎత్తు గోపురం కట్టాలి. గడువు 18 నిమిషాలు. మనం స్పగెట్టికి బదులు కొబ్బరి చీపురు పుల్లలు, మార్ష్‌మాలోకు బదులు చిన్న నిమ్మకాయ వాడతాం. నిమ్మకాయ మార్ష్‌మాలో కన్నా చాలా బరువు. కానీ చీపురు పుల్ల స్పగెట్టిలా పుటుక్కున విరగదు, కాబట్టి సరిపోతుంది.

ఎక్కువ జట్లు దెబ్బతినేది ఒక్కచోటే. పదిహేను నిమిషాలు ఎత్తు పెంచుకుంటూ పోయి, నిమ్మకాయను ఆఖరి నిమిషంలో పెడతారు. పుల్లలు వంగి మొత్తం ఒక పక్కకు వాలిపోతుంది. పెద్ద చదువులు చదివిన మేనేజ్‌మెంట్ విద్యార్థుల కన్నా కిండర్‌గార్టెన్ పిల్లలు ఈ ఆట బాగా ఆడతారని వూజెక్ చెప్పింది ఇందుకే. పిల్లలు బరువును మొదటి నిమిషం నుంచే పైన పెట్టి చూసుకుంటారు, పడితే మళ్లీ కడతారు. రెండో పొరపాటు చతురస్రాలు కట్టడం. నాలుగు పుల్లల చట్రం పక్కకు ఒరుగుతుంది, మూడు పుల్లల త్రిభుజం ఒరగదు. ఇది కూడా ముందే చెప్పేశామని ఆట పాడవదు, చూడండి. తెలిసిన వారి గోపురాలూ పడతాయి.

గోపురం కొలిచాక పది నిమిషాలు మాటలు. సాధారణంగా టైము చాలక అందరూ ఎగరగొట్టేది ఈ పది నిమిషాలనే. మేం మాత్రం ఆటనైనా కుదిస్తాం గానీ దీన్ని కుదించం. అడిగేవి రెండే: ఎవరి సలహా మొదట కొట్టిపారేశారు? అది ఎప్పుడు పనికొచ్చింది? పిల్లల హోంవర్క్ గురించిన చర్చ అక్కడి నుంచే మొదలుపెడతాం.

చేతులు పట్టుకుని చిక్కుపడి, వదలకుండా విడదీసుకునే ఆట శనివారం ఉండదు. తెలియనివారి చేతులు పట్టుకోవడం పెద్దవాళ్లలో చాలామందికి ఇబ్బంది, భుజాలు మెలిపడే ప్రమాదమూ ఉంది. పైగా ఆ చిక్కు ప్రతిసారీ ఒకే వలయంగా విడిపోదు. రెండు వలయాలుగా తేలవచ్చు, అసలు విడకనూపోవచ్చు. తరగతిలో ఆడించేటప్పుడు ఎనిమిది మందికి మించకుండా, చేతికీ చేతికీ మధ్య రుమాలు పట్టిస్తాం.

ఒకటో, రెండో తరగతి పిల్లలకు "వీరి వీరి గుమ్మడిపండు, వీరి పేరేమి?" చాలు. కళ్లు మూసి, ఎదుట నిలబడ్డది ఎవరో చెప్పమనే ఆ ఆటను మించిన పేర్ల పరిచయం లేదు. అయితే దాన్ని బడి తెరిచిన రోజే ఆడించకూడదు, నాలుగు రోజులు కలిసి కూర్చున్నాకే ఆడించాలి. పేర్లే తెలియని పిల్లకు కళ్లు మూస్తే ఏడుపే మిగులుతుంది.

శనివారం ఏ ఆటలోనైనా "నేను చూస్తాను" అనే హక్కు మీకు ఉంది. కారణం అడగం, కొలత టేపో గడియారమో చేతికిస్తాం. మోకాళ్ల నొప్పులున్నవారికి, తాతయ్యలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు కుర్చీలు వేసే ఉంటాయి.

ఇంటికి ఒకరు 20 చీపురు పుల్లలు తెండి. మొదలు వైపు నుంచి జానెడు పొడవు కత్తిరించండి. కొసలు మరీ సన్నంగా ఉండి వంగిపోతాయి. వాడిన చీపురువైతే కడిగి ఎండబెట్టండి. దారం, టేపు, నిమ్మకాయలు బడిలోనే ఉంటాయి, కొనకండి. ఎంతమంది వస్తున్నారో గురువారం లోపు డైరీలో రాసి పంపితే క్యాలెండర్ బొమ్మలు ఆ లెక్కన కత్తిరించుకుంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు