కార్డోబా కమానుల గురించి పెదనాన్నగారికి

గ్రనాడా, స్పెయిన్

పూజ్యులైన పెదనాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీరూ పెద్దమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నేను పంపిన ఫోటోలు చూసి మీరు అడిగిన ప్రశ్న ఫోనులో తేలేది కాదనిపించి ఉత్తరానికి కూర్చున్నాను. ముస్లిం రాజులు కట్టించిన మసీదులనూ కోటలనూ ఇక్కడి జనం తమవనుకుంటారా, ఎప్పుడో వచ్చి ఏలి వెళ్ళిపోయిన పరాయివాళ్ళవనుకుంటారా అన్నది కదా మీ సందేహం. రెండూ అనుకుంటారు పెదనాన్నగారూ. రాజ్యానికీ మతానికీ ఏ కాలంలో ఏది అక్కరకొస్తే ఆ మాట పైకొస్తూ వచ్చింది. తాపీ పట్టుకున్నవాళ్ళ పద్ధతి మాత్రం వేరుగా ఉండేదని ఆ రాళ్ళూ ఇటుకలూ చూస్తే తెలుస్తుంది.

దక్షిణ స్పెయిన్‌లోని కార్డోబా నగరపు మసీదునే తీసుకోండి. 750లో ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలుతున్న ఉమయ్యద్ వంశం, ప్రత్యర్థి వంశం అబ్బాసీల చేతిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, డమాస్కస్ రాజకుటుంబం నుంచి ప్రాణాలతో బయటపడిన అబ్ద్ అల్ రహమాన్ ఇంత దూరం వచ్చి సొంత రాజ్యం నిలబెట్టుకున్నాడు. 785 ప్రాంతంలో ఆయన మసీదు మొదలుపెట్టించినప్పుడు మేస్త్రీలకు చేతికందిన స్తంభాలు పాత రోమన్ కట్టడాలవి, రోమన్ల తర్వాత ఈ నేలనేలిన విసిగోతులవి. వాటి ఎత్తు చాలదు; నేరుగా వాటి మీదే కప్పు వేస్తే అంత విశాలమైన శాల నెత్తిమీదికి దిగినట్టుండేది. అందుకని స్తంభాల మీద రాతి దిమ్మెలు లేపి, కింద ఒక వరస, పైన ఒక వరస కమానులు కట్టారు. పై కమాను కప్పు బరువు మోస్తుంది. కింది కమాను పని స్తంభాలు పక్కకు ఒరగకుండా పట్టి ఉంచడమే. దాని మీద గోడ లేదు కనుక రెండింటి మధ్య ఖాళీలోంచి చూపు అవతలి వరసకూ, అక్కడినుంచి మరో వరసకూ పోతూనే ఉంటుంది. మీరు ఫోటోలో చూసి రంగు వేశారనుకున్న ఎరుపు తెలుపు పట్టీలు రంగు కాదు, ఎర్ర ఇటుకనూ లేత రాతినీ మార్చి మార్చి పేర్చిన వరసలు. దగ్గరికి వెళ్ళి చూస్తే జోడు కుదరని స్తంభాలు ఎన్నో కనిపిస్తాయి: ఒకటి నున్నటి బూడిదరంగు, పక్కది ఎర్ర చారల పాలరాయి, ఒకదాని తలకట్టు మీద లోతైన ఆకుల చెక్కడం, ఇంకొకదాని మీద మొరటుగా గీసి వదిలేసిన ఆకారం. ఎక్కడెక్కడివో తెచ్చి ఒక ఎత్తుకు సరిచేసి నిలబెట్టారని ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ మసీదులోని లాడం ఆకారపు కమానును చూడగానే ముస్లింల కమాను అనుకుంటాం. ఉత్తర స్పెయిన్‌లో సాన్ హువాన్ దె బాన్యోస్ అనే చిన్న చర్చి ఉంది. విసిగోతు రాజు రెసెస్వింత్ 661లో దాన్ని కట్టించాడు. ముస్లిం సేనలు ఈ నేల మీద అడుగుపెట్టింది 711లో. వాళ్ళు రావడానికి 50 ఏళ్ళ ముందే ఆ చర్చిలో లాడపు కమానులున్నాయి. ఇక మసీదులో అన్నిటికంటే పవిత్రమైన మిహ్రాబ్, అంటే ప్రార్థన దిక్కు చూపే గూడు, దాని చుట్టూ మెరిసే బంగారు మొజాయిక్ పనికి పదో శతాబ్దంలో కార్డోబా పాలకుడు రెండో అల్ హకమ్, బైజాంటియం సామ్రాజ్యాన్ని ఏలే కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తిని అడిగి పనివాణ్ణి పిలిపించుకున్నాడు. చక్రవర్తి క్రైస్తవుడు, రాతలు ఖురాన్‌వి, పనితనం బైజాంటియందీ. దీన్ని ఏ ఒక్క మతం ఖాతాలో వేద్దామన్నా లెక్క కుదరదు.

1236లో కార్డోబా, క్రైస్తవ రాజ్యమైన కాస్టీల్ రాజు మూడో ఫెర్నాండో వశమైంది, మసీదు చర్చి అయింది. దాదాపు 300 ఏళ్ళు పెద్దగా ఏమీ కదపలేదు. 1523లో బిషప్ మసీదు నడిమధ్య కమానులు తొలగించి ఎత్తైన కథీడ్రల్ కట్టబోయినప్పుడు అడ్డం తిరిగింది నగర పాలకమండలి, అంటే క్రైస్తవులే. ఆ పనిలో చెయ్యి పెట్టిన కూలివాడికి మరణశిక్ష అని చాటింపు వేయించారు. చివరికి చక్రవర్తి ఐదో చార్లెస్ బిషప్ వైపు మొగ్గాడు, కథీడ్రల్ లేచింది. చీకటి శాలలో నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఆ తెల్లటి గోపురం కింద వెలుతురులోకి వస్తే నాకు ఇప్పటికీ చిరాకే. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: సెవీయాలో పెద్ద మసీదును పడగొట్టి కథీడ్రల్ కట్టారు, ఇక్కడ మసీదు లోపలే కట్టుకున్నందువల్ల మిగతాది దక్కింది. ఈ భవనాన్ని చర్చి 2006లో 30 యూరోల రుసుము చెల్లించి తన పేర రిజిస్టరు చేయించుకుంది. ఆ సంగతి బయటపడినప్పటి నుంచి అది ప్రజల ఆస్తి అనేవాళ్ళకూ చర్చికీ వాదం నడుస్తూనే ఉంది.

మీ ప్రశ్నకు అసలు జవాబు మాత్రం సెవీయా అల్కాసర్ ముంగిట ఉందని నా అభిప్రాయం. అది కాస్టీల్ రాజు మొదటి పేద్రో 1364లో కట్టించిన ప్రాసాదం. సెవీయా క్రైస్తవుల చేతికి వచ్చి అప్పటికి వందేళ్ళు దాటింది. ఆయనకు మిత్రుడైన గ్రనాడా సుల్తాను ఐదో ముహమ్మద్ తన పనివాళ్ళను పంపాడు, టొలీడో నుంచి వడ్రంగులు వచ్చారు. ద్వారం పైన పొడవాటి పట్టీలో, మహోన్నతుడైన విజేత దోన్ పేద్రో ఈ మందిరాలనూ ద్వారాలనూ కట్టించాడని స్పానిష్‌లో ఉంది. ఆ పట్టీ చుట్టుకొని ఉన్న చట్రం లోపల నీలం తెలుపు పలకల మీద కోణాలు తీరిన అరబ్బీ అక్షరాల్లో, అల్లా తప్ప విజేత లేడన్న వాక్యం మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది. అది గ్రనాడా సుల్తానుల వంశ నినాదం. తనను విజేత అని చాటుకున్న క్రైస్తవ రాజు తన గుమ్మం మీద పొరుగు ముస్లిం రాజుల నినాదం పెట్టుకున్నాడు! దాని అర్థం ఆయనకు తెలియకపోయే అవకాశం లేదనే నేననుకుంటాను. ఆ కాలంలో రాజు రాజులా బతకాలంటే ఇల్లు ఇలాగే ఉండాలి, అంతే. ఆయన కోశాధికారి సామ్యూల్ హలేవీ టొలీడోలో కట్టించిన యూదుల ప్రార్థనాలయం గోడలకూ ఇదే గార నగిషీ, హీబ్రూ రాతల పక్కనే అరబ్బీ రాతలు.

ఇదంతా అన్యోన్యంగా సాగిపోయిందని మాత్రం అనుకోకండి. 1492లో గ్రనాడా పతనం, అదే ఏడాది యూదుల బహిష్కరణ. తర్వాత ముస్లింలను మతం మార్పించారు; అలా మారినవాళ్ళనూ వాళ్ళ సంతతినీ మొరిస్కోలు అన్నారు. 1567లో అరబ్బీ భాషనూ, వాళ్ళ దుస్తులనూ, స్నానశాలలనూ నిషేధించారు. 1609 నుంచి 1614 వరకు, బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్ళని కూడా చూడకుండా, ఇంచుమించు 3 లక్షల మంది మొరిస్కోలను ఓడలెక్కించారు. తేరువేల్ పట్టణంలో ముస్లిం పనితనంతో లేచిన, పచ్చటి, తెల్లటి మెరుగు పలకలు పొదిగిన ఇటుక గోపురాలు మాత్రం చర్చి గంటలు మోస్తూ ఉండిపోయాయి.

వింత ఏమిటంటే, ఆ మనుషులు పోయిన రెండున్నర శతాబ్దాలకు ఆ పనితనం ఈ దేశపు గర్వకారణమైంది. 1859లో చరిత్రకారుడు హోసే అమదోర్ దె లోస్ రియోస్ మాద్రిద్ కళల అకాడమీలో ప్రసంగిస్తూ, క్రైస్తవ పాలనలో ముస్లిం పనివాళ్ళ చేతుల మీదుగా పెరిగిన ఈ కళకు ముదేహర్ శైలి అని పేరు పెట్టి, ఇది స్పెయిన్‌కే సొంతమైన శైలి అన్నాడు. అక్కడినుంచి ఇక పట్టపగ్గాల్లేవు. 1874లో మాద్రిద్ ఎద్దుల పోటీ బరి ఆ శైలిలో లేచింది. 1919లో టొలీడో రైల్వే స్టేషన్. 1931లో లాస్ వెంతాస్ బరి. ఎద్దుల పోటీ కన్నా స్పానిష్‌తనానికి గుర్తు ఇంకేముంటుంది? దాని చుట్టూ నిలబడ్డవి లాడపు కమానులే.

అదే 1859లో మా ఊళ్ళో, గ్రనాడా సుల్తానుల కోట అయిన అల్‌హంబ్రాలో, సింహాల ప్రాంగణంలోని ఒక మండపం మీద రంగు పెంకుల గుమ్మటం ఒకటి ఎక్కించారు. అటువంటిది అక్కడ ఎన్నడూ లేదు. తూర్పుదేశపు రాజభవనం అంటే ఇలా ఉండాలన్న ఊహతో చేసిన పని. 1934లో అక్కడి మరమ్మతులు చూసే వాస్తుశిల్పి లియోపోల్దో తోర్రెస్ బాల్బాస్ దాన్ని తీయించి మామూలు పెంకుల కప్పు వేయించినప్పుడు, అసలుదాన్ని పాడుచేశాడని ఆయన మీదే విరుచుకుపడ్డారు. 75 ఏళ్ళలో ఆ కల్పనే సంప్రదాయమై కూర్చుంది.

మేముండే అల్బైసిన్ వీధుల్లో సాన్ హోసే చర్చి గంటల గోపురం ఒకప్పుడు మినారే. దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు; ఊరి అందం అంటారు. అదే పేటలో కొత్త మసీదు కట్టుకోవడానికి మాత్రం ముస్లింలకు దాదాపు 20 ఏళ్ళు పట్టింది. 2003లో తెరిచారు. ఎత్తు తగ్గించి, పొరుగు ఇళ్ళలాగే తెల్ల గోడలు, పెంకుల కప్పుతో కట్టారు. మిహ్రాబ్ మాత్రం కార్డోబా దాని నమూనాలో చేయించుకున్నారు. పాత మినారు మాదన్నవాళ్ళలో కొందరికి కొత్తది పరాయిదిగా తోచింది. మీ సందేహానికి ఇంతకన్నా సూటి జవాబు నాకు దొరకలేదు.

అల్కాసర్ ద్వారం ఫోటో పెద్దదిగా అచ్చు వేయించి విడిగా పంపుతున్నాను. అరబ్బీ చదివే మీ మిత్రులకు ఆ నీలం పట్టీ చూపించండి. తల కిందులుగా తిప్పి కూడా చదవమనండి.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరే
మీ తమ్ముడి కుమారుడు