పట్టింది ఎంత, తగ్గింది ఎంత?

ఎడిటర్ గారికి నమస్కారం.

థర్మల్ ప్లాంట్ల పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టేసే టెక్నాలజీ గురించి ఎవరు రాసినా '90 శాతం పట్టేస్తుంది' అన్నదే హెడ్డింగ్, మీ పేపర్లోనూ అంతే. ఆ అంకె తప్పని అనను. పట్టడానికి ఎంత కరెంటు తింటుందో కూడా పక్కనే రాయండి అంటున్నా.

పొగను 40 డిగ్రీల దాకా చల్లార్చి టవర్ అడుగు నుంచి పంపితే, పైనుంచి కారే అమీన్ అనే రసాయన ద్రావణం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. ఇంతవరకు సులువే. పీల్చుకున్నదాన్ని మళ్లీ కక్కించాలంటే ద్రావణాన్ని దాదాపు 120 డిగ్రీలకు వేడిచేయాలి, దానికి ఆవిరి ఎక్కణ్నుంచి తెస్తారు? సాధారణంగా టర్బైన్ తిప్పాల్సిన ఆవిరిలోంచే లాగుతారు! ఆ తర్వాత గ్యాస్‌ను బాగా కంప్రెస్ చేసి పైపులోకి తోయాలి. బొగ్గు ప్లాంటులో 20 నుంచి 30 శాతం కరెంటు ఈ పనికే పోతుంది.

25 శాతం అనుకుందాం. బయటికి అంతే కరెంటు ఇవ్వాలంటే మూడో వంతు ఎక్కువ బొగ్గు కాల్చాలి. యూనిట్‌కు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వచ్చే చోట 1.33 కిలోలు పుడుతుంది, 1.2 కిలోలు పడతారు, మిగతాది గాల్లోకే. అంటే నిజంగా తగ్గింది సుమారు 870 గ్రాములు. అదేమీ తక్కువ కాదు, ఒప్పుకుంటా. పైగా అమీన్ పాడవకుండా పొగలోని గంధకాన్ని ముందే కడిగేయాలి, అదీ లాభమే. కానీ బొగ్గు తవ్వకం, బూడిద కూడా ఆ మూడో వంతు మేర పెరుగుతాయిగా, వాటి సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక డబ్బు. టెక్సస్‌లో బొగ్గు ప్లాంటుకు తగిలించిన పెట్రా నోవా అనే ఇలాంటి ప్రాజెక్టుకు దాదాపు 100 కోట్ల డాలర్లు అయింది. పట్టిన గ్యాస్‌ను చమురు బావిలోకి పంపి ఇంకాస్త చమురు లాగేవాళ్లు, 2020లో చమురు ధర పడిపోగానే ఆపేశారు, 2023లో గానీ మళ్లీ తెరవలేదు. మిసిసిపీలోని కెంపర్ ప్లాంటు ఇంకా ఘోరం, 700 కోట్ల డాలర్లు దాటాక 2017లో బొగ్గు ఆలోచనే మానుకుని సహజవాయువుతో నడుపుకున్నారు.

సిమెంటు ఫ్యాక్టరీలకైతే నేను అడ్డు చెప్పను, అక్కడ సున్నపురాయిని కాలిస్తేనే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఇంధనం మార్చినా పోదు. కరెంటుకు ఎండా గాలీ ఉన్నాయి కదా!

ఈసారి ఇలాంటి ప్రాజెక్టు వార్త వేసేటప్పుడు, పట్టింది ఎంతో, నికరంగా తగ్గింది ఎంతో, గ్యాస్ చివరికి చమురు బావిలోకి వెళ్లిందో దాచిపెట్టడానికి భూమి లోతున ఉండే ఉప్పునీటి రాతి పొరల్లోకి వెళ్లిందో కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు