క్రిస్మస్ విందు బల్ల గురించి అమ్మాయికి

ఒంగోలు,
డిసెంబరు 8.

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామమున అమ్మ దీవించి వ్రాయునది. మేమిక్కడ క్షేమం. నీవు, అల్లుడుగారు, పిల్లలు క్షేమమని తలుస్తాను.

నిన్న ఫోనులో నీవు అడిగినదానికి నేను సరైన జవాబు చెప్పలేదు. క్రిస్మస్ రాత్రి నెల్లూరులో మీ ఇంటికి మీ అత్తగారు, మామగారు, అల్లుడుగారి కార్యాలయం నుంచి రెండు జంటలు భోజనానికి వస్తున్నారనీ, వారిలో ఒక జంట శాకాహారులనీ, ఇంతమందిని ఒకేసారి కూర్చోబెట్టడం నీకు ఇదే మొదటిసారి గనుక బల్లను ఎలా అలంకరించాలో తోచడం లేదనీ అన్నావు. నేను పొయ్యి దగ్గర ఉండి, నాలుగు పూలు పెడితే చాలునని అనేశాను. ఫోను పెట్టేసిన తర్వాత ఆ మాట నాకే నచ్చలేదు. అందుకే తీరికగా కూర్చుని వ్రాస్తున్నాను.

బల్ల సర్దడం అయిపోయిందని నీకు అనిపించగానే ఒక్కొక్క కుర్చీలోనూ నీవే వెళ్ళి కూర్చో. నిలబడి చూసినప్పుడు అందంగా కనిపించిన బల్ల, కూర్చుని చూస్తే వేరుగా ఉంటుంది. నీవు ఏడో తరగతిలో ఉన్న సంవత్సరం నేను బజారు నుంచి లిల్లీ పూల కాడలు తెప్పించి, పెద్ద ఇత్తడి కూజాలో నిలిపి, బల్ల నడుమ పెట్టాను. వచ్చినవాళ్ళందరూ బాగుందన్నారు. మీ నాయనమ్మకు అప్పటికే చెవులు సరిగా వినిపించేవి కావు. ఎదుటివారి పెదవుల కదలికను చూసి ఆమె మాట అందుకునేది. ఆ రాత్రి ఆమె తలవంచుకుని రెండు ముద్దలు తిని లేచింది. వంటింట్లో చేయి కడుక్కుంటూ, "ఆ పూల వెనకాల కూర్చున్నది ఎవరమ్మా?" అని నన్ను అడిగింది. అక్కడ కూర్చున్నది ఆమె సొంత చెల్లెలు, కందుకూరు నుంచి ఆమె కోసమే వచ్చిన మనిషి. ఆ ప్రశ్న నన్ను ఈనాటికీ వదలలేదు. మోచేయి బల్లకు ఆనించి పిడికిలి నిలబెట్టి చూడు. పూలైనా దీపమైనా ఆ ఎత్తును దాటకూడదు, అడుగు లోపల ఉంటే మరీ మంచిది. లిల్లీల వాసన కూడా అన్నం దగ్గర ఎక్కువవుతుంది. ఈ నెలలో డిసెంబరాలు, కనకాంబరాలు దొరుకుతాయి; రెండింటికీ చెప్పుకోదగిన వాసన లేదు కనుక పులుసు ఘుమఘుమకు అడ్డు రావు. డిసెంబరాలు త్వరగా వాడిపోతాయి, వాటిని సాయంత్రం అతిథులు రావడానికి కాస్త ముందు మాత్రమే వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళ మీద వదులు.

పచ్చదనానికి సరుగుడు కొమ్మలు కావాలి. కొత్తపట్నం నుంచి తెచ్చిన సరుగుడు కొమ్మను బకెట్టు ఇసుకలో నాటి, దానికి దూది అంటించి మనం క్రిస్మస్ చెట్టు చేసిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. నెల్లూరు తీరంలోనూ సరుగుడు తోటలకు కొదవ లేదు. బెత్తెడు పొడవున్న రెమ్మలను ఆ పళ్ళెం చుట్టూ పరిచి, వాటి చిన్న చిన్న కాయలను మధ్యలో పొదిగితే చాలు. అయితే ఎండిన సరుగుడు నిప్పు తగిలిన వెంటనే అంటుకుంటుంది, కొవ్వొత్తులను వాటికి దూరంగా ఉంచాలి.

ఇక చేతుల సంగతి. వేరే దేశాల బల్లల బొమ్మలు చూసి మంచినీళ్ళ గ్లాసును అందరూ కుడివైపు పెడుతున్నారు. ఫోర్కుతో తినేవారికి అది సరే. మన భోజనం కుడిచేత్తో కలిపి తినేది. ఆ చేయి ఎంగిలిగా ఉండగా గ్లాసు ఎత్తేది ఎడమచేత్తోనే. కాబట్టి గ్లాసు ఎడమవైపు ఉండాలి. గిన్నెలలోని గరిటెల కాడలు కూడా ఎడమచేతికి అందేలా తిరిగి ఉండాలి. చేపల పులుసు వడ్డిస్తున్నావు కనుక ప్రతి కంచం పక్కన ముళ్ళు వేసుకోవడానికి చిన్న గిన్నె తప్పకుండా పెట్టు. అది లేకపోతే పెద్దవాళ్ళు ముళ్ళను కంచం అంచున దాచలేక ఇబ్బంది పడతారు, కొత్తవాళ్ళు మొహమాటపడి అసలు చేప ముక్కే వేసుకోరు. భోజనమయ్యాక నిమ్మచెక్క వేసిన గోరువెచ్చని నీళ్ళ గిన్నెలు తెచ్చి ఇస్తే, మీ అత్తగారు మోకాళ్ళ నొప్పితో చేయి కడుక్కోవడానికి వెంటనే లేవనక్కరలేదు.

మనిషికి రెండడుగుల వెడల్పు లేకపోతే మోచేతులు తగులుకుంటాయి. మీది ఆరడుగుల బల్ల, పెద్దవాళ్ళు ఎనిమిది మంది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, కొసల్లో ఒక్కొక్కరు సరిపోతారు. అప్పుడు నడుమ పూలకూ దీపాలకూ మాత్రమే చోటు మిగులుతుంది. అందువల్ల బిర్యానీ, పులుసు, పెరుగు అన్నీ గోడవారనున్న దివాను మీద పీట వేసి సర్దు. పిల్లలకు చాప పరిచి అరిటాకులు వేయి, వాళ్ళకు అదే పండుగ.

నా పెళ్ళినాటి వెంకటగిరి నూలు చీర నీకు పంపుతున్నాను. మడతల దగ్గర చిరిగింది కానీ అంచు చెక్కుచెదరలేదు. దీపం దగ్గర పట్టుకుంటే జరీ ఇప్పటికీ మెరుస్తుంది. దాచుకుని ఇంకో పదేళ్ళకు పొడి చేసుకోవడం కంటే మీ బల్ల మీద పరిస్తే నాకు సంతోషం. తెల్ల నూలు దుప్పటి కింద వేసి, దాని మీద ఈ అంచును అడుగు వెడల్పు పట్టీగా బల్ల పొడవునా పరిచి, రెండు కొసలా జానెడు చొప్పున వేలాడనివ్వాలి. పులుసు చుక్క పడితే కంగారు పడకు. పసుపు మరకకు సబ్బు తగలగానే అది ఎర్రబడుతుంది, బట్ట పాడైపోయిందని అనిపిస్తుంది. ఉతికి మంచి ఎండలో ఆరేస్తే రెండు మూడు పూటలకు వెలిసిపోతుంది. జరీని మాత్రం బ్రష్షుతో రుద్దవద్దు.

దీపాల విషయంలో నా అనుభవం ఒకటి ఉంది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు రాత్రి మన ఇంట్లో కరెంటు పోయింది. మీ నాన్నగారు పాత లాంతరు గాజు కింద కొవ్వొత్తి వెలిగించి భోజనాల బల్ల మీద పెట్టారు. చీమకుర్తి రాయి కదా మనది. పగలు నల్లగా మాత్రమే కనిపించే ఆ గెలాక్సీ గ్రానైటులోని బంగారు రంగు రవ్వలన్నీ, ఆ కింది వెలుగులో ఒక్కొక్కటిగా మెరవడం ఆ రాత్రి నేను చూశాను. పైనున్న ట్యూబు లైటు ఆపి, వెలుగును బల్ల ఎత్తులో ఉంచితే మనుషుల ముఖాలు కూడా అలాగే కళగా కనిపిస్తాయి. ఫ్యాను లేకుండా నెల్లూరులో ఎనిమిది మంది కూర్చోలేరు, గాలికి కొవ్వొత్తి నిలవదు. కాబట్టి లాంతరు గాజులు గానీ, అవి దొరకకపోతే పొడవాటి గాజు గ్లాసులు గానీ వాడు. రాతి మీద మైనం పడితే గట్టిపడే దాకా ఆగి, గోటితో తీయవచ్చు. చీర అంచు మీద పడితే అంత సులువుగా రాదు.

శాకాహారులకు పప్పు, గుత్తివంకాయ, పెరుగు పచ్చడి దివానుకు ఒక పక్కన వేరుగా పెట్టి, వాటికి వేరే గరిటెలు కేటాయించు. ఏది ఏమిటని అడిగే అవసరం వాళ్ళకు కలగకూడదు. అందుకు నీ చిన్ననాటి మార్కాపురం పలకలు రెండూ బీరువాలో దొరికాయి. ఒకదాని చెక్క మూలన నీ పాలపళ్ళ గాట్లు అలాగే ఉన్నాయి. కడిగి, బలపంతో వంటకాల పేర్లు వ్రాసి గిన్నెల వెనక నిలబెట్టు. వడ్డనకు ఉదయగిరి చెక్క గరిటెలు కూడా పెట్టెలో ఉంచుతున్నాను. కంచాలకు తగిలినా చప్పుడు చేయవు. వాటిని నానబెట్టవద్దు, కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, చుక్క కొబ్బరినూనె రాసి ఆరబెట్టు.

పులుసు ముందు రోజు సాయంత్రమే మట్టి చట్టిలో వండుకో, మరునాటికి దాని రుచి నీకు చెప్పనక్కరలేదు. ఆ చట్టిని అలాగే దివాను మీద పెట్టు, గాజు గిన్నెలోకి మార్చవద్దు.

పంపడానికి ముందు చీర అంచు కొసలు మడిచి కుట్టించాలి. మీ బల్ల పొడవు టేపుతో సరిగా కొలిచి, రేపు సాయంత్రంలోగా నాకు ఫోను చేసి చెప్పు. ఎల్లుండి బస్సుకు పార్సిలు వేస్తాను.

దీవెనలతో,
అమ్మ